సైకిల్ సవాల్ జవాబ్: చెరువు కట్టల వెంట గ్రావెల్ రైడ్, పల్లేరు ముళ్ళు, ఇంకా పులి సంగతి

ఈసారి మీ ప్రశ్నల్లో ఎక్కువ భాగం చాందా (చంద్రాపూర్), గడ్చిరోలి వైపు మట్టి రోడ్ల మీద సైకిల్ తొక్కడం, అంటే గ్రావెల్ రైడ్ గురించే ఉన్నాయి. నేను బల్లార్షాలోనే ఉంటా కాబట్టి సంతోషంగా జవాబులు రాస్తున్నా, కాకపోతే కొన్ని జవాబులు మీకు నచ్చకపోవచ్చు.

ప్రశ్న: అన్నా నమస్తే, మాది మంచిర్యాల. కొత్తగా గ్రావెల్ బైక్ కొన్నా. హైవే మీద లారీలతో విసుగొచ్చింది. చంద్రాపూర్ అవతల అడవులు, చెరువులు మస్తుంటాయి అంటున్నారు, రెండు రోజుల రూట్ ఏదైనా చెప్పండి. మ్యాప్‌లో తాడోబా మధ్యలోంచి ఒక దారి కనిపిస్తుంది, అటు నుంచి పోతే దగ్గర అవుతుందా? (మంచిర్యాల పాఠకుడు)

ముందు ఆ చివరి ముక్కకి జవాబు చెప్తా తమ్ముడూ, పోవద్దు. తాడోబా 1955 నుంచి నేషనల్ పార్కు, తర్వాత అంధారి అభయారణ్యం కూడా కలిసి టైగర్ రిజర్వ్ అయింది, లోపల సఫారీ జిప్సీ తప్ప సొంత సైకిల్ కాదు సొంత మోటర్ సైకిల్‌ని కూడా రానివ్వరు. మ్యాప్‌లో గీత ఉన్నంత మాత్రాన అది దారి కాదు, అది ఫారెస్ట్ వాళ్ళ గస్తీ బాట.

ఇక అసలు విషయం. చంద్రాపూర్, గడ్చిరోలి, భండారా, గోండియా ఈ నాలుగు జిల్లాల్లో మాల్గుజారీ చెరువులు అని పాత చెరువులు వేలల్లో ఉన్నాయి. గోండు రాజుల కాలంలో అడవి కొట్టి చెరువు తవ్వించినోళ్ళకి దాని కింద తడిచే భూమి ఇచ్చేవాళ్ళు, ఆ పనిలో కోహ్లీ కులం వాళ్ళు ఘనులు, తర్వాత మాల్గుజార్లు అనే శిస్తు వసూలు చేసే భూస్వాముల చేతికి వచ్చాయి కాబట్టి ఆ పేరు నిలబడింది. 1951 లో మాల్గుజారీ పద్ధతి పోయి సర్కారు చేతికి పోయాక చాలా వాటిల్లో పూడిక పేరుకుంది, శిఖం భూములు కబ్జా అయ్యాయి, అయినా ఇప్పటికీ వరి పండేది వాటి కిందనే. మన కాకతీయుల చెరువులు చూసిన కళ్ళకి ఇవి కొత్తేం కాదు, అదే గొలుసుకట్టు, అడవి వాలు మీద పడ్డ వాన పై చెరువులోకి, అది నిండితే మత్తడి దుంకి కింది చెరువులోకి, అట్లా పొలాలు తడుపుకుంటా చివరికి వైన్‌గంగ నదిలో కలుస్తది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే సైకిల్ తొక్కేవాడికి ఇదే రూట్ మ్యాప్. నీళ్ళు పోయే వాలు వెంట పోతే ఎత్తుపల్లాలు చాలా తక్కువ, చెరువు ఉన్న చోట ఊరు ఉంటది, ఊరు ఉన్న చోట బోరింగు, చాయ్, పంక్చర్ అన్నీ ఉంటాయి, మనుషులు తిరుగుతుంటారు. అడవిలోంచి అడ్డంగా కోస్తే ఇవేవీ ఉండవు. కాబట్టి నా దగ్గరికి ఎవరొచ్చినా నేను చెప్పేది ఒకటే, చెరువు నుంచి చెరువుకి పోండి, అడవిని పక్కన పెట్టుకుని పోండి గాని దాని కడుపులోకి దూరకండి. అడవి అందం కనిపించాలంటే అడవి మధ్యలోనే ఉండాలని ఏం లేదు, కట్ట మీద నిలబడితే నీళ్ళ అవతల అడవి అంతా ఒకేసారి కనిపిస్తది.

రూట్ అంటావా, మూల్ నుంచి మొదలుపెట్టు. బల్లార్షా గోండియా రైలు లైను మీద మూల్ మరోడా అని స్టేషన్ ఉంది, లేదంటే చంద్రాపూర్ నుంచి రోడ్డు మీద సుమారు 45 కిలోమీటర్లు, కానీ ఆ రోడ్డు చిచ్‌పల్లి, కేల్‌ఝర్ అడవిలోంచి పోతది, దాన్ని పొద్దున్నే చీకట్లో సైకిల్ మీద చెయ్యకు. మూల్ నుంచి తూర్పుకి వైన్‌గంగ వైపు పల్లెలు పట్టుకుని పో, మెయిన్ రోడ్డుకి అటూ ఇటూ పొలాల మధ్య ఎడ్లబండ్ల బాటలు ఉంటాయి, ఇక్కడ పాందన్ అంటరు, చాలా వాటికి మొరం పోశారు, గ్రావెల్ టైరుకి అంతకన్నా మంచి నేల దొరకదు. హరన్‌ఘాట్ దగ్గర వంతెన మీద వైన్‌గంగ దాటితే చామోర్షీ తాలూకా, రాత్రికి చామోర్షీలో ఆగొచ్చు. దగ్గర్లోనే నది ఒడ్డున మార్కండా గుడి, రాతి శిల్పాలు మస్తుంటాయి, పురావస్తు శాఖ కింద ఉంది, అక్కడ వైన్‌గంగ ఉత్తరానికి తిరుగుతది కాబట్టి శివరాత్రికి పెద్ద జాతర, ఆ వారం మాత్రం రూము దొరకదు, రోడ్డు మీద జాగా కూడా దొరకదు. రెండో రోజు ఆష్టీ మీదుగా మళ్ళీ నది దాటి గోండ్‌పిప్రీ, అక్కడి నుంచి బల్లార్షా. గోండ్‌పిప్రీ వైపు వచ్చాక తెలుగు వినిపిస్తనే ఉంటది, ధైర్యంగా మాట్లాడు. ఆష్టీ దగ్గర చప్రాలా అభయారణ్యం ఉంది, వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అయ్యేది ఆ వైపే, చూడాలనుకుంటే ఫారెస్ట్ నాకాలో అడిగి పర్మిషన్ తీసుకునే పో.

మొరం బాటల మీద రోజుకి 50, 60 కిలోమీటర్లు దాటకుండా ప్లాన్ చేసుకో. డాంబర్ మీద నువ్వు వంద తొక్కుతుండొచ్చు, ఇక్కడ మొరం మీద గులకరాళ్ళు, మధ్యలో ఇసుక మేటలు, ప్రతి కల్వర్టు దగ్గర గుంత, ఆపైన ప్రతి ఊర్లో ఎక్కడ నుంచి వచ్చినవ్, సైకిల్ ఎంతకి కొన్నవ్ అని అడుగుతరు. రేటు అసలుది చెప్పకు, నమ్మరు.

ప్రశ్న: సార్ నేను బల్లార్షాలో డిగ్రీ చదువుతున్నా, నా దగ్గర పాత ఎంటీబీ (మౌంటెన్ బైక్) ఉంది, గేర్లు సగమే పడతాయి. గ్రావెల్ రైడ్ చెయ్యాలంటే గ్రావెల్ బైక్ కొనాల్సిందేనా? ఇంకోటి, పోయిన ప్రతిసారీ పంక్చర్. (డిగ్రీ స్టూడెంట్, బల్లార్షా)

కొనాల్సిన పని లేదు తమ్ముడూ. ఒకరకంగా ఈ ఏరియాకి నీ సైకిలే మేలు, ఎట్లా అంటే 26 అంగుళాల ట్యూబు సావ్లీలో అడిగినా, గోండ్‌పిప్రీ సంతలో అడిగినా దొరుకుతది. గ్రావెల్ బైకులకి ఉండే 700 సీ చక్రం ట్యూబు ఈ ఊళ్ళల్లో దొరకదు, మన తాతల నాటి నల్ల సైకిల్ 28 అంగుళాల టైరు చూడటానికి అంతే ఉన్నట్టుంటది గాని రిమ్ము సైజు వేరు, అది 635 మిల్లీమీటర్లు, ఇది 622, ఎక్కదు. గ్రావెల్ బైక్ ఉన్నవాళ్ళు రెండు ట్యూబులు వెంట పెట్టుకుని పోవాల్సిందే. ఇంకో చిక్కు సన్న మూతి ప్రెస్టా వాల్వు, ఊరి షాపులో పంపు దానికి పట్టదు, అడాప్టర్ అని ఇత్తడి ముక్క ఒకటి ఉంటది, పది ఇరవై రూపాయల వస్తువు, అది లేక ఆగిపోయినోళ్ళని చూశా.

గేర్ల సంగతి, ముందు చైను, క్యాసెట్ (వెనక చక్రానికుండే పళ్ళ చక్రాలు) శుభ్రంగా కడిగి కేబుల్ మార్పించు, సగం గేర్లు పడకపోవడానికి నూటికి తొంభై సార్లు కేబుల్‌కి తుప్పే కారణం. సస్పెన్షన్ ఫోర్క్ చచ్చిపోయి ఉంటే దాని బరువు తప్ప లాభం లేదు, మామూలు ఇనుప ఫోర్క్ వేయించుకో, తేలికైతది. గుబ్బల టైర్లు తీసేసి మధ్యలో నున్నగా, అంచుల్లో చిన్న గుబ్బలున్న టైరు, 1.75 లేదా 2 అంగుళాలది వేస్తే చాలు, మొరం మీద సగం కష్టం తగ్గుతది.

పంక్చర్ గురించి. ఈ నేల మీద శత్రువు గాజు పెంకు కాదు, పల్లేరు. ఆ ముళ్ళ కాయ ఎట్లా పడినా ఒక ముల్లు పైకే ఉంటది, చెరువు కట్టలు, పాందన్ అంచులు, బడి గ్రౌండ్లు ఇవే దాని జాగాలు, వానలు తగ్గాక అక్టోబరు నుంచి ఎండిన కాయలు దారి నిండా ఉంటాయి. ఆపైన తుమ్మ కంప, పొలానికి కంచె వేసినోళ్ళు బండిలో తీసుకుపోతుంటే రాలిన కొమ్మలు. దీనికి మందు మూడు రకాలు. దారి మధ్యలో గడ్డి ఉన్న చోట కాకుండా బండి చక్రం అరిగిన గాడిలోనే తొక్కడం, ఇది ఉచితం. ట్యూబు లోపల లైనర్ పట్టీ వేసుకోవడం, బరువు పెరుగుతది గాని పని చేస్తది. మూడోది ట్యూబ్‌లెస్ టైరు, లోపల సీలెంట్ ద్రవం, ముల్లు గుచ్చుకుంటే అదే పూడుస్తది, నిజంగా గొప్ప వస్తువు కానీ మా విదర్భ ఎండకి రెండు మూడు నెలల్లో ఎండిపోయి పెచ్చు కడతది, చూసుకోకుండా ఉంటే ఉన్నా లేనట్టే. ముల్లు గుచ్చుకుంటే ట్యూబ్‌లెస్‌లో వెంటనే పీకకు, చక్రం తిప్పి సీలెంట్ అక్కడికి చేరాక పీకు.

గాలి విషయంలో అందరూ రాయిలా గట్టిగా కొట్టిస్తారు, అది తప్పు. 70 కిలోల మనిషికి 40 మిల్లీమీటర్ల టైరు ట్యూబ్‌లెస్ అయితే ముందు 30, వెనక 35 పీఎస్ఐ దగ్గర పెట్టి చూడండి, ట్యూబు ఉంటే ఇంకో ఐదు పది ఎక్కువ, లేకపోతే గుంతలో రిమ్ముకి రాయికి మధ్య ట్యూబు నలిగి పాము కాటులా రెండు రంధ్రాలు పడతాయి. నీ 2 అంగుళాల టైరుకి ఇంకా తక్కువ పెట్టినా నడుస్తది.

ప్రశ్న: నేను చంద్రాపూర్‌లో ఉద్యోగం చేస్తున్నా, పుట్టిల్లు ఆసిఫాబాద్. ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి ఆదివారాలు సైకిల్ మీద పోతాం. మోహర్లీ రోడ్డు, జునోనా చెరువు మాకు ఇష్టం. ఇంట్లో మాత్రం పులి పులి అని ఒకటే గొడవ. నిజంగా అంత భయం ఉందా, లేక వాట్సాప్ వీడియోల గోలా? (ఉద్యోగిని, చంద్రాపూర్)

ఇంట్లోవాళ్ళు చెప్పేది గోల కాదు మేడమ్. చంద్రాపూర్ జిల్లాలో పులులు పార్కు లోపలే ఉండవు, బ్రహ్మపురి ఫారెస్ట్ డివిజన్ అంతా, అంటే నాగ్‌భీడ్, సిందేవాహీ, సావ్లీ వైపు, అది చాలావరకు అభయారణ్యం కాని మామూలు అడవి, ఊళ్ళు, పొలాలు, చెరువులు కలిసిపోయిన నేల, అక్కడ కూడా పులులు బాగా ఉన్నాయి. అందమైన చెరువులన్నీ, ఘోడాఝరీ, ఆసోలామెండా, నలేశ్వర్, అక్కడే ఉన్నాయి, అందుకే పైన మంచిర్యాల తమ్ముడికి ఆ వైపు కాకుండా నది వైపు దారి చెప్పింది. మీ పుట్టింటి వైపు కూడా అంతే, తాడోబా నుంచి కవ్వాల్‌కి పులులు రాజురా, కాగజ్‌నగర్ అడవుల మీదుగానే వస్తాయి, 2024 నవంబరులో కాగజ్‌నగర్ దగ్గర పొద్దున పత్తి ఏరడానికి పోయిన ఆడమనిషి పులి దాడిలో పోయిన సంగతి మీకు తెలిసే ఉంటది.

అట్లా అని సైకిల్ మూలన పడెయ్యమని చెప్పను. దాడులు ఎప్పుడు, ఎవరి మీద జరుగుతున్నాయో చూడండి. ఎక్కువగా అడవి లోపలికో అంచుకో పని మీద పోయినవాళ్ళు, ఇప్ప పూలు ఏరేవాళ్ళు, తునికాకు తెంపేవాళ్ళు, కట్టెలకి, పశువులకి పోయినవాళ్ళు. వంగి, కూర్చుని ఉన్న మనిషి, పొద్దు పొడవకముందు, ఒంటరిగా. ఇప్ప పూలు మార్చి, ఏప్రిల్‌లో రాలతాయి, ఆ వెనకే మే దాకా తునికాకు, ఆ రెండు మూడు నెలలు పొద్దున పూట అడవి అంచుల్లో పులికే కాదు ఎలుగుబంటికి కూడా ఎదురుపడే టైము, ఇప్ప పువ్వంటే ఎలుగుకి ప్రాణం. నా లెక్కలో పులి కన్నా ఎలుగు ఎక్కువ చిక్కు, పులి తప్పుకుని పోతది, ఎలుగు ఉలిక్కిపడి మీదికొస్తది.

కాబట్టి నేను పాటించేవి చెప్తా. పొద్దెక్కి ఎండ నేల మీద పడ్డాకే అడవి పక్క రోడ్డులో దిగడం, ఎనిమిదిన్నర ముందు కాదు, సాయంత్రం నాలుగున్నరకల్లా బయటపడటం. సైక్లిస్టులందరికీ ఐదింటికి లేచి పోవడం గొప్ప, ఆ గొప్ప ఇక్కడ పనికిరాదు. ముగ్గురూ దగ్గర దగ్గరగా, మాట్లాడుకుంటా, మలుపుల్లో బెల్లు కొట్టుకుంటా పోండి. చెవుల్లో ఇయర్‌ఫోన్ వద్దు. పంక్చర్ అయితే పొద దగ్గర కూర్చుని వెయ్యకండి, నడిపించుకుని బయలు జాగాకి రండి, ఒకరు టైరు చూస్తే ఇద్దరు నిలబడి చుట్టూ చూడండి. చెరువులో నీళ్ళు తగ్గే ఎండాకాలం సాయంత్రం ఒడ్డుకి దిగకండి, దాహం అన్నిటికీ ఉంటది. అన్నిటికన్నా ముందు, ఆ ఊర్లో ఆగి చాయ్ తాగుతా అడగండి, నిన్న మొన్న ఎటు కనిపించింది అని, ఆవును కొట్టిందంటే ఆ వైపు రెండు మూడు రోజులు అక్కడే ఉంటది, ఆ సంగతి ఊర్లో చిన్న పోరడికి కూడా తెలుస్తది. ఫారెస్ట్ గార్డు వద్దంటే వాదన పెట్టుకోకండి.

నిజంగా ఎదురైతే, సైకిల్ తిప్పి తొక్కుకుంటా పారిపోవద్దు, పరిగెత్తేదాన్ని తరమడం దాని గుణం. దిగండి, సైకిల్‌ని మీకూ దానికీ మధ్య అడ్డం పెట్టుకోండి, నిటారుగా నిలబడి, ముగ్గురూ ఒక్కచోట చేరి, దాని వైపే చూస్తా మెల్లగా వెనక్కి జరగండి. సెల్ఫీ గురించి నేను చెప్పాల్సిన పని లేదనుకుంటా.

మోహర్లీ రోడ్డు మాత్రం వదిలెయ్యండి, అది తాడోబా బఫర్‌లోంచే, అంటే టైగర్ రిజర్వ్ చుట్టూ ఉండే అడవిలోంచే పోతది. జునోనా చెరువు గోండు రాజుల నాటిది, ఎండ పొద్దులో పోయి రావచ్చు. దారిలో ఆగి చెట్ల వెనక్కి పోవడాలు మాత్రం వద్దు, దానికి ఊర్లోనే చూసుకోండి, ఆడవాళ్ళకి ఇది ఇబ్బందే, తెలుసు, అందుకే ఏ ఊర్లో అంగన్‌వాడీ, బడి ఉన్నాయో ముందే గుర్తు పెట్టుకుని పోతే మేలు.

ఇంకో మాట, ఇది పులి గురించి కాదు. అడవి పందుల కోసం కొందరు పొలం చుట్టూ దొంగతనంగా కరెంటు తీగ పెడతరు, రాత్రి పూట. దాని మీద పడి మనుషులు, పులులు కూడా చచ్చిపోయాయి. చీకటి పడ్డాక పొలం గట్ల మీద షార్ట్‌కట్ అనేది ఎవరూ చెయ్యకండి.

ప్రశ్న: వానాకాలంలో చెరువులు నిండుగా ఉంటాయి కదా, ఆగస్టులో ఫ్రెండ్స్‌తో రావాలని ప్లాన్. ఓకేనా? (కరీంనగర్ నుంచి)

ఫోటోలకి ఓకే, సైకిల్‌కి కాదు. ఆగస్టులో మత్తళ్ళు దుంకుతుంటాయి, కట్ట మీద దారి అంటే చాలా చోట్ల మత్తడి రాళ్ళ మీదుగానే, పాచి పట్టి ఉంటది, నీళ్ళు మోకాలి దాకా కనిపించినా గుంజుడు మస్తుంటది. వాగుల మీద వంతెనలు మునుగుతాయి, గోసీఖుర్ద్ డ్యాం గేట్లు ఎత్తితే వైన్‌గంగ పక్క ఊళ్ళకి రోడ్లే ఉండవు. రాజురా, కోర్‌పనా, వరోరా వైపు అయితే నల్లరేగడి, ఆ మట్టి తడిస్తే పది గజాలకి ఫోర్క్‌కి టైరుకి మధ్య ఇరుక్కుని చక్రం తిరగదు, కట్టెపుల్లతో గీక్కోవడమే. తూర్పున మూల్, సావ్లీ, చామోర్షీ వైపు ఎర్రమట్టి, ఇసుక కలిసి ఉంటది కాబట్టి వాన ఆగిన రెండు మూడు రోజులకి తొక్కొచ్చు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రండి. వరి కోతలు అయిపోతుంటాయి, పాందన్‌లు బండ్ల రాకపోకలకి నున్నగా అయితాయి, చెరువుల్లో నీళ్ళు ఇంకా ఉంటాయి, బయటి దేశాల బాతులు వచ్చి ఉంటాయి. మే నెల అడగనే వద్దు, చంద్రాపూర్ ఎండ 47 డిగ్రీలు దాటిన రోజులున్నాయి.

ప్రశ్న: మాది సిరొంచ, బడిలో పంతులుని. ఎవరు రాసినా తాడోబా, నవేగావ్ అంటారు, మా తాలూకా మహారాష్ట్రలో ఉందని కూడా చాలామందికి తెలియదు. ఇక్కడ మీ గ్రావెల్ సైకిల్‌కి పనికొచ్చే దారులు లేవా? అనుమానంగా చూస్తారేమో, పోలీసులు ఆపుతారేమో అని ఇంకో భయం. (సిరొంచ టీచరు)

సార్, మీ కోపం న్యాయమే. మీ దగ్గర చెరువుల కన్నా నదులు గొప్ప, ఒకే తాలూకాకి ప్రాణహిత, గోదావరి, ఇంద్రావతి మూడూ తగలడం ఇంకెక్కడుంది. సిరొంచ దగ్గర ప్రాణహిత గోదావరిలో కలుస్తది, వంతెన దాటితే కాళేశ్వరం. తూర్పుకి అంకీసా, ఆసరెల్లి మీదుగా సోమ్నూరు పోతే అక్కడ ఇంద్రావతి గోదావరిలో కలిసేది చూడొచ్చు, నా వరకు అదే మీ తాలూకాలో బెస్ట్ రైడ్. ఫిబ్రవరి, మార్చిలో దారి పొడుగునా మిర్చి కళ్ళాలు, ఎర్రగా పరిచి ఉంటాయి, గాలికి కళ్ళు మండితే కళ్ళద్దాలు పెట్టుకోవాలి, అది తప్ప ఇబ్బంది లేదు.

మీ పిల్లలకి చెప్పదగ్గ సంగతి ఇంకోటి ఉంది. పోచంపల్లి దగ్గర, అంటే మీ తాలూకా పోచంపల్లి, చీరలది కాదు, 1960 ల మొదట్లో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు తవ్వితే పెద్ద డైనోసార్ ఎముకలు బయటపడ్డాయి, రవీంద్రనాథ్ ఠాగూర్ పేరు కలిపి బరపాసారస్ టాగోరై అని 1975 లో పేరు పెట్టారు, ఆ అస్థిపంజరం ఇప్పటికీ కలకత్తాలో నిలబెట్టి ఉంది. ఆ రాతి పొరలకి శాస్త్రవేత్తలు వాడే పేరు కూడా మీ కోటా ఊరి పేరే. వడదం దగ్గర ఫాసిల్ పార్కు ఉంది, రాయి అయిపోయిన చెట్ల మానులు చూడొచ్చు. ఆల్లపల్లి రోడ్డు మీద అయితే లారీలు, దుమ్ము ఉంటాయి, పార్కు దాకా పక్క ఊళ్ళ బాటలు పట్టుకోండి. పిల్లల్ని సైకిళ్ళ మీద తీసుకుపోయే టూర్ ఇంతకన్నా మంచిది నాకు తోచట్లేదు.

పోలీసుల సంగతి, గడ్చిరోలి దక్షిణం వైపు ఇన్నేళ్ళు నడిచిన నక్సల్ పరిస్థితి మీకు నేను చెప్పేదేముంది. కొత్త మనిషి, హెల్మెట్, హ్యాండిల్‌కి కెమెరా, బ్యాగులు, ఆపి అడగడం వాళ్ళ డ్యూటీ. ఆధార్ దగ్గర పెట్టుకోవాలి, ఎక్కడికి పోతున్నామో రాత్రి ఆగే ఊర్లో పోలీస్ పాటిల్‌కి (ఊరి తరఫున పోలీసులకి కబురు చేర్చే మనిషి) చెప్పాలి, చెక్‌పోస్టులు, క్యాంపుల దగ్గర కెమెరా ఆపెయ్యాలి, డ్రోన్ అనే మాటే వద్దు. భామ్రాగడ్, ఏటపల్లి లోపలి బాటలు బయటివాళ్ళకి ఒంటరిగా నేను సిఫారసు చెయ్యను, ప్రకాశ్ ఆమ్టే ఆసుపత్రి ఉన్న హేమల్‌కసా చూడాలంటే మెయిన్ రోడ్డు మీదే పోయి రండి.

గోండు, మాడియా గూడేల్లోంచి పోతే అడవి బాట ఎవరిదీ కాదనుకోకండి. 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కులు దేశంలో ముందుగా దక్కించుకున్న ఊళ్ళల్లో మన గడ్చిరోలి మెండా లేఖా ఒకటి, 2009 లో వచ్చాయి, ఆ తర్వాత జిల్లాలో చాలా గ్రామసభలకి వచ్చాయి. వెదురు, తునికాకు లెక్క వాళ్ళదే. జై సేవా అని పలకరించి, ఈ బాట ఎటు పోతది అని అడిగి పోతే వాళ్ళే మంచి దారి చూపిస్తరు.

ప్రశ్న: రూట్ ఫోన్‌లో ఎట్లా వేసుకోవాలి? నేను వేసిన ప్రతి రూట్ చివరికి ఏదో ఒక కాలువ దగ్గర ఆగిపోతుంది. (కాగజ్‌నగర్)

యాప్ తప్పు సగం, సీజన్ తప్పు సగం. కట్ట మీద గీత కనిపిస్తే ముందు శాటిలైట్ ఫోటో పెద్దది చేసి మత్తడి ఎక్కడుందో వెతకండి, కట్టకి ఒక చివర తెల్లగా రాళ్ళు పరిచినట్టు కనిపిస్తది, అక్కడ దారి తెగుతది అని లెక్క వేసుకోండి. తూము ఉన్న చోట కట్ట కింది వైపు పొలాల్లోంచి ఇంకో బాట ఉంటదే, రైతులు తిరిగేది అదే. కట్ట పైన ముళ్ళ కంప మొలిచి ఉంటే ఆ చెరువుని ఎవరూ పట్టించుకోట్లేదని అర్థం, కింది బాటే పట్టుకోండి.

పెద్ద కాలువల పక్కన సర్వీసు రోడ్లు మంచి ఛాన్సు. గోసీఖుర్ద్ కుడి కాలువ 99 కిలోమీటర్లు, ఆసోలామెండా చెరువు దాకా వస్తది, పక్కన మొరం రోడ్డు, ఎత్తు లేదు, పల్లం లేదు, కానీ పని నడిచే చోట తవ్వి పెడతరు, అవతలి ఒడ్డుకి వంతెన చాలా దూరంలో ఉంటది, పైగా ఆ చివర్లో అడవి తగులుతది, అక్కడ చంద్రాపూర్ మేడమ్‌కి చెప్పిన టైమింగులే మీకూ. మ్యాపులు ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి, సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

ప్రశ్న: సైకిల్‌ని రైల్లో ఎట్లా తెచ్చుకోవాలి, తిండి, పడక ఎక్కడ? మరాఠీ రాదు. (వరంగల్ దంపతులు)

స్టేషన్ పార్సిల్ ఆఫీసులో లగేజీగా బుక్ చేస్తరు, గార్డు వ్యానులో వేస్తరు. రైలు రెండు నిమిషాలు ఆగే చిన్న స్టేషన్లలో ఎక్కించడం, దించడం కుదరదు కాబట్టి బల్లార్షాలో దింపుకోవడమే మంచిది. పెడల్స్ విప్పి, గేరు వైపు అట్టపెట్టె కట్టి, పేరు, ఫోన్ నంబరు, దిగే స్టేషన్ రాసి అంటించండి. గంటన్నర ముందు పోండి.

తిండికి దిగులు లేదు, పొద్దున తర్రీ పోహా (కారం పులుసు పోసిన అటుకులు) ప్రతి బస్టాండులో, మధ్యాహ్నం అన్నం పప్పు, ఇది వరి నేల కాబట్టి మీకు రొట్టెల బెంగ ఉండదు. చెరువు చేపలు ఢీవర్ల (ఇక్కడి జాలర్ల) సొసైటీ వాళ్ళ దగ్గర పొద్దున్నే కట్ట మీదే తాజాగా దొరుకుతాయి, హోటల్ ఆమెకి ఇస్తే వండి పెడతది, కారం మాత్రం తగ్గించమని ముందే చెప్పండి. పడకకి తాలూకా ఊళ్ళల్లో లాడ్జిలు ఉన్నాయి, చిన్న ఊళ్ళల్లో లేవు, అందుకే రాత్రి మజిలీ మూల్, చామోర్షీ, గోండ్‌పిప్రీ లాంటి చోటే పెట్టుకోండి. మరాఠీ రాకపోతే హిందీ నడుస్తది, దక్షిణానికి వచ్చేకొద్దీ తెలుగే నడుస్తది.

దీపావళి నుంచి హోళీ మధ్య వస్తే ఝాడీపట్టీ నాటకం ఒకటి చూసి పోండి, వడసా కేంద్రంగా కంపెనీలు ఊరూరా తిరిగి రాత్రంతా ఆడతాయి, భాష రాకపోయినా పాటలు, కామెడీ అర్థమైతాయి. పోస్టర్లు బస్టాండు గోడల మీదే ఉంటాయి. నాటకం తెల్లారుజామున అయిపోతది, అప్పుడే సైకిల్ ఎక్కకండి, పడుకుని లేచి పది గంటలకి బయలుదేరండి.